ఒంటరి ఈతకు 11 పాయింట్లు

నాకు ఈత వచ్చునన్న సంగతి మిత్రులలో చాలామందికి తెలియదు. ఆ మాటకు వస్తే 42వ ఏటి దాకా నాకూ సరిగ్గా తెలియదు. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టి మా పెదనాన్న దిగుడుబావి మెట్టు మీదినుంచి తోసేస్తే, చావకుండా పైకి తేలడానికి చేసిన గింజులాటనే ఈత అనుకొనేవాడిని. అమెరికా వచ్చిన చాలా ఏళ్ళకు నడుము నొప్పి పట్టుకుంది. వైద్యుడు నీళ్ళలో దిగమన్నాడు. ఊళ్ళో పెద్దల ఈత క్లబ్బు ఒకటి ఉంటే చేరాను. మొదటి రోజు కోచ్ నన్ను ఆ చివరినుంచి ఈ చివరకు ఒకసారి ఈదించి, "మునగకుండా ఉండడం బాగా వచ్చింది, ఇక ముందుకు పోవడం నేర్చుకుందాం" అన్నాడు.

ఇలాంటి క్లబ్బుల ఈతను ఇక్కడ మాస్టర్స్ ఈత అంటారు. పేరు చూసి బెదరనక్కరలేదు. అందులో ఒలింపిక్సుకు వెళ్ళివచ్చినవారూ ఉంటారు, నావంటి బావి బాపతు వారూ ఉంటారు. 18 ఏళ్ళు నిండితే చాలు. దీని మొదటి జాతీయ పోటీ 1970లో టెక్సస్ రాష్ట్రంలోని అమరిల్లోలో జరిగింది. వెనుక ఉన్న మనిషి రాన్సమ్ ఆర్థర్ అనే నౌకాదళ వైద్యుడు. పెద్దవాళ్ళను వ్యాయామంలో నిలబెట్టాలంటే వారి ముందు ఒక పోటీ ఉండాలన్నది ఆయన ఆలోచన. అది నిజమే. ఒంటికి మంచిదని తెలిసి నేను మానేసిన పనులు చాలా ఉన్నాయి. పోటీ తేదీ దగ్గరకు వస్తోందని తెలిసిన తరువాత ఈత మాత్రం మానలేదు.

ఇందులో అయిదేసి ఏళ్ళకొక వర్గం. 25 నుంచి 29, 30 నుంచి 34, అలా నూరేళ్ళు దాటినవారికి కూడా ఒక వర్గం ఉంది. అందుచేత మాలో పుట్టినరోజుకు ఏడ్చేవాళ్ళు ఉండరు. 49వ ఏట ఉసూరుమంటూ ఉన్నవాడు 50 నిండగానే ఆ వర్గంలో కుర్రవాడైపోతాడు. దీన్ని మొదటిసారి కోచ్ నాకు వివరిస్తూంటే మా ప్రాంతపు తిరునాళ్ళలోని బండలాగుడు పందాలు గుర్తుకు వచ్చాయి. అక్కడ ఎడ్లను పళ్ళనుబట్టి వేరుచేస్తారు కదా: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. పందెం కన్నా ముందు పళ్ళు చూసే పెద్దమనిషి దగ్గరే అసలు గొడవంతా జరిగేది. పాలపళ్ళ గిత్తకు సీనియర్ల బండ కట్టకూడదన్న న్యాయం ఒంగోలు గిత్తల యజమానులకు తెలిసినట్టే ఇక్కడివారికీ తెలుసు. మోకాళ్ళు, భుజాలు మొరాయించేవారు ఉంటారని బటర్‌ఫ్లైలో బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్ళు వెయ్యడానికి కూడా మాస్టర్స్ నిబంధన ఒప్పుకుంటుంది. కుర్రవాళ్ళ పోటీలలో ఆ దయ లేదు.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఎవరి వయసువారితో వారు పోటీపడతారు, ఎవరి పతకం వారు తీసుకుంటారు. చిక్కంతా వీళ్ళందరినీ కలిపి జట్టుకు లెక్క కట్టేటప్పుడు వస్తుంది. పాలపళ్ళ గిత్త లాగిన దూరాన్నీ సీనియర్ల జత లాగిన దూరాన్నీ కూడి, ఏ ఊరు గెలిచిందో చెప్పమని తిరునాళ్ళలో ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగుతారు.

జాతీయ పోటీల లెక్క ఇది. ప్రతి వర్గంలో మొదటి పదిమందికి వరుసగా 11, 9, 8, 7 అలా దిగుతూ పదవవారికి 1. నలుగురు కలిసి ఈదే రిలేకు ఇందుకు రెట్టింపు, అంటే 22, 18, 16, ఇలా. మా జిల్లా పోటీలలోనూ ఇదే పద్ధతి. 45 నుంచి 49 మగవాళ్ళ 100 గజాల ఫ్రీస్టైల్‌లో పధ్నాలుగు మంది దిగితే, అందరినీ ఓడించినవాడికి 11. 85 నుంచి 89 ఆడవాళ్ళ 100 గజాలలో ఒక్క ఆవిడే దిగితే ఆవిడకూ 11.

ఆ ఏడు వసంతకాలపు పోటీలో మేము 37 పాయింట్ల తేడాతో ఓడిపోయాము. బహుమతి పెద్దదేమీ కాదు, గెలిచిన క్లబ్బుల పేర్లు చెక్కిన ఒక చెక్క పలక. ఏడాదిపాటు మన గోడకు ఉంటుంది, అంతే. కానీ గెలిచిన పొరుగు క్లబ్బువారు తమతో ఇద్దరు పెద్దావిడలను తీసుకువచ్చారు. ఒకావిడ 80 వర్గం, మరొకావిడ 85 వర్గం. ఇద్దరూ చెరి నాలుగు ఈతలు ఈదారు. ఏ ఒక్కదానిలోనూ ఇంకొక పోటీదారు లేరు. నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది పదకొండ్లు 88. తిరుగు ప్రయాణంలో కారులో మావాళ్ళు ఈ ఎక్కం ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. "ఉత్తపుణ్యానికి వచ్చిన పాయింట్లు" అని మావాళ్ళు తమ భాషలో అన్నారు. అందరికన్నా గట్టిగా నేనే అన్నానేమో కూడా.

నేను ఆఫీసులో అంకెలతో బ్రతికేవాడిని. జిల్లా సంఘంవారు వేసవి తరువాత నియమాలు చర్చిస్తారనీ, ప్రతిపాదనలు పంపవచ్చుననీ తెలిసి, రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్‌లో ఒక పట్టిక కట్టాను. సూత్రం సులువు. ఎంతమందిని ఓడిస్తే అన్ని పాయింట్లు, పూర్తిచేసినందుకు ఒకటి అదనం. పధ్నాలుగు మందిలో మొదటివాడికి 14, ఒంటరిగా ఈదినవారికి 1. పాత ఫలితాలన్నీ అందులో పోసి చూస్తే, ఆశ్చర్యం, మేము గెలిచాము! ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు. నేను కట్టిన మొదటి సూత్రానికి మేము ఓడిపోయాము. నాలుగవ సూత్రానికి గెలిచాము. ప్రతిపాదన పత్రంలో ఆ నాలుగవదే న్యాయసూత్రమని వ్రాశాను. పంపేముందు చూసుకోమని క్లబ్బులో అందరికీ ఒక్కొక్క ప్రతి ఇచ్చాను.

మా క్లబ్బులోనూ ఒక పెద్దావిడ ఉంది. అప్పటికి 78 ఏళ్ళు. ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ ఆవిడను పేరుపెట్టి పిలుస్తారు. నాకు మాత్రం నోరు రాదు. పైకి పేరే పలికినా లోపల మామ్మగారనే అనుకుంటాను. వెల్లకిల ఈత ఆవిడ ప్రత్యేకత. 200 గజాలు, మధ్యలో ఒక్కసారి కూడా తొందరపడకుండా, ఆకాశం మీద ఏదో చదువుతున్నట్టు ఈదుతుంది. ఆవిడ వర్గంలో మా జిల్లాలో ఇంకెవరూ లేరు. ఈ సంగతి సూత్రం కట్టేటప్పుడు నాకు తెలియక కాదు. మామ్మగారి పాయింట్లు పోయినా, అవతలివారివి అంతకన్నా ఎక్కువ పోతాయని కూడా లెక్క చూసుకున్నాను.

మర్నాడు ఉదయం ఈత అయ్యాక మామ్మగారు తువ్వాలు కప్పుకొని బల్లమీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకొని నా పత్రం చదువుతోంది. నన్ను చూసి పక్కన కూర్చోమంది.

"నేను ఎవరినీ ఓడించలేదని ఇందులో వ్రాశావు" అంది.

అలా వ్రాయలేదని, పోటీ ఉన్నచోట గెలుపుకు విలువ ఎక్కువ ఉండాలని మాత్రమే అన్నానని సర్దబోయాను.

"నేను హైస్కూలులో ఉన్నప్పుడు మగపిల్లలకే ఈత జట్టు ఉండేది. కాలేజీలోనూ అంతే. నాతో చదివిన అమ్మాయిల్లో నాకన్నా బాగా ఈదేవాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు. వాళ్ళు ఈరోజు నా పక్క వరుసలో ఉండాలి. లేరు. అది నా తప్పు కింద ఎందుకు వేశావు?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బడులలో, కాలేజీలలో ఆడపిల్లలకు ఆటల్లో సమాన అవకాశం ఉండాలన్న చట్టం ఈ దేశంలో 1972లో వచ్చింది. మామ్మగారి చదువు అంతకు ముందే ముగిసింది. ఆవిడ ఈడు ఆడవాళ్ళలో పోటీ ఈత తెలిసినవారే తక్కువ. తెలిసినవారిలో కొందరికి తుంటి ఎముక, కొందరికి గుండె, కొందరికి మంచంలో ఉన్న భర్త అడ్డం. నా పట్టికలో ఇదంతా "పోటీదారులు: 0" అన్న ఒక్క గడిలో ఇమిడిపోయింది.

అయితే మామ్మగారు కన్నీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. "నీ మాటలోనూ నిజముంది" అని ఆవిడే మళ్ళీ అంది. "ఒక్కదాన్నే ఈది, ఒక్కదాన్నే వెళ్ళి మొదటి బహుమతి తెచ్చుకోవడం నాకూ బాగుండదు. ఎవరితో పోల్చాలో తెలియకపోతే గడియారంతో పోల్చు. గడియారం ఎప్పుడూ హాజరవుతుంది కదా."

ఆ సలహాతో రెండవ పట్టిక మొదలైంది. అంతర్జాతీయ ఈత సంఘంవారి లెక్క ఒకటి ఉంది. ప్రపంచ రికార్డు కాలాన్ని మన కాలంతో భాగించి, ఆ వచ్చినదాన్ని ఘనం చేసి, వెయ్యితో గుణిస్తారు. రికార్డుతో సమానంగా ఈదితే 1000. నేను ఇందులో ఆయా వయసు వర్గం రికార్డు పెట్టాను. ఇక ఒంటరి ఈతకూ పద్నాలుగు మంది ఈతకూ ఒకే కొలత. చాలా పొంగిపోయాను. తరువాత నా కాలం వేసుకున్నాను. రికార్డుకు రెట్టింపు సమయం తీసుకున్నవాడికి వెయ్యిలో సగం వస్తుందనుకుంటాం. రాదు. సగాన్ని ఘనం చేస్తే ఎనిమిదవ వంతు, అంటే 125. ఒకటిన్నర రెట్లు తీసుకున్నవాడికి 296. ఆ లెక్కన, పూర్వం కాలేజీ జట్టులో ఈదిన మనిషి ఒక్కడు మా క్లబ్బులో చేరితే, మావంటి నలుగురం మానేసినా లోటు ఉండదు. పైగా పెద్ద వయసు వర్గాలలో ఈదినవారే తక్కువ కనుక అక్కడి రికార్డులూ ఇంకా పదునెక్కలేదు. గడియారం హాజరవుతుంది, నిజమే. కాని ఆ గడియారం పక్కన పెట్టే రికార్డు మళ్ళీ ఎవరెవరు హాజరయ్యారన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

మూడవ పట్టిక పెద్ద క్లబ్బుల మీద కోపంతో కట్టాను. డెబ్బైమందితో వచ్చినవారు పదిహేనుమందితో వచ్చినవారిని ఓడించడం ఏమి గొప్ప? జాతీయ స్థాయిలోనూ ఈ గొడవ ఉన్నదే. ఊరికొక క్లబ్బు ఉన్నచోట ఊరంతే జట్టు. కొన్నిచోట్ల మాత్రం చిన్నచిన్న ఈత బృందాలన్నీ ఒకే క్లబ్బు పేరుమీద చేరి, పెద్ద ప్రాంతమంతా ఒక జట్టుగా దిగుతుంది. అందుకే ప్రాంతీయ క్లబ్బులను, స్థానిక క్లబ్బులను వేరువేరుగా లెక్కించే పద్ధతి పెట్టారు. నేను ఇంకా తెలివిగా ఆలోచించాను. మొత్తం పాయింట్లను వచ్చినవారి సంఖ్యతో భాగిస్తే సరి, చిన్నా పెద్దా అన్న పేచీయే ఉండదు.

దీని ఫలితం నా ఇంటికే వచ్చింది.

మా ఆఫీసు మిత్రుని భార్య ఒకామె ఉంది, నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. అప్పటికి 38 ఏళ్ళు. విజయవాడలో పుట్టి, కృష్ణ ఒడ్డునే పెరిగి, పుష్కరాలకు తప్ప నీళ్ళలో దిగని మనిషి. ఆడపిల్లకు ఈతెందుకన్న ఇల్లు. ఇక్కడకు వచ్చాక కొడుకును ఈత పాఠాలకు తీసుకువెళ్ళి, గట్టుమీద కూర్చుని చూసీ చూసీ, ఒకరోజు తానూ దిగింది. ముక్కులోకి నీళ్ళు పోయి, మూడు నెలలు గోడ వదలక, చివరకు 25 గజాలు దాటింది. క్లబ్బులో చేర్పించినది నేనే. వసంతకాలపు పోటీలో 50 గజాలు ఈదింది. నిమిషంన్నర పైనే పట్టింది. ఆమె గోడ ముట్టుకునేసరికి మిగిలినవాళ్ళు నీళ్ళలోంచి లేచి తువ్వాళ్ళతో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆమెకు పాయింట్లేమీ రాలేదు. ఆ రాత్రి విజయవాడలో వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పిందట.

ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాము. పప్పు వడ్డిస్తూ, చాలా మామూలుగా అడిగింది.

"అన్నయ్యగారూ, కొత్త లెక్క వస్తే నేను ఈదితే మనవాళ్ళకి నష్టమటగా?"

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరూ చెప్పలేదండీ. మీరిచ్చిన కాగితంలో భాగహారం ఉందిగా. కింద నేనూ ఒకదాన్ని." నవ్వింది. "ఫరవాలేదులెండి, వచ్చే పోటీకి పిల్లాడికి పరీక్షలు కూడా ఉన్నాయి."

పిల్లవాడికి అప్పుడు పరీక్షలేమీ లేవు. వాడు రెండవ తరగతి.

మరునాడు కోచ్‌తో ఈ సంగతి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. "సగటు లెక్క పెడితే, నెమ్మదిగా ఈదేవాళ్ళకు రావద్దని చెప్పవలసినది నేను. ఆ పని నాకు ఇవ్వకు" అన్నాడు. అప్పటిదాకా నేను ప్రతి సూత్రాన్నీ ఎవరు గెలుస్తారన్న వైపునుంచే చూశాను. ఏ సూత్రం పెడితే కోచ్ ఎవరికి ఫోను చేసి రమ్మంటాడు, ఎవరికి చెయ్యడు అన్న వైపునుంచి చూడలేదు. పాత పద్ధతిలో అతను 85 ఏళ్ళ ఆవిడను బతిమాలి కారులో ఎక్కించుకు వస్తాడు. నా మొదటి పద్ధతిలో ఆవిడ ఊసెత్తడు. రెండవదానిలో పూర్వపు కాలేజీ ఈతగాళ్ళను వెతుక్కుంటాడు. మూడవదానిలో మా చెల్లెలిని ఇంట్లో కూర్చోబెడతాడు. పొరుగు క్లబ్బువారు ఆ ఇద్దరు పెద్దావిడలను పాయింట్ల ఆశతోనే తెచ్చారనుకుందాం. తెచ్చారు కదా!

జిల్లా సంఘం సమావేశానికి మూడు పట్టికలూ పట్టుకువెళ్ళాను. మూడింటినీ వివరించి, మూడింటినీ ఆమోదించవద్దని నేనే చెప్పాను. ఇది ఒకరికిద్దరికి వేళాకోళంగా తోచింది. చివరకు ఒక్క మార్పు చేశారు. దిగే మనుషుల సంఖ్యనుబట్టి చిన్న క్లబ్బులకు ఒక పట్టిక, పెద్ద క్లబ్బులకు మరొకటి. మమ్మల్నీ పొరుగు క్లబ్బునూ ఒకే పట్టికలో వేశారు. ఒంటరి ఈతకు 11 పాయింట్లు అలాగే ఉన్నాయి. అది పూర్తిగా న్యాయమని నేను ఇప్పటికీ అనలేను. పద్నాలుగు మందితో పోరాడినవాడి ముఖం చూస్తే మనసు ఒప్పదు. కాని దాన్ని సరిచేయబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు కారు దిగిపోవడం చూశాను కనుక, నోరు మూసుకున్నాను.

చెల్లెలికి మాత్రం ఏమి చెప్పాలో చాలాకాలం తోచలేదు. క్షమించమని అడిగితే "అయ్యో, అదేమిటండీ" అంటుంది. అడగకపోతే నాకు అన్నం సహించదు. దారి చూపినది రిలే.

రిలే వయసు లెక్క రెండు రకాలు. గజాల కొలనులో నలుగురిలో చిన్నవారి వయసే జట్టు వయసు. ముగ్గురు అరవై దాటినవారున్నా నాలుగవవారు 39 అయితే 35 పైబడిన వర్గంలో పడతారు. మీటర్ల కొలనులో అలా కాదు, నలుగురి వయసులూ కూడుతారు. ఆ చలికాలం పోటీ మీటర్లలో జరిగింది. మీటర్లలో డిసెంబరు 31 నాటికి నిండే వయసే లెక్క. మామ్మగారు 79, చెల్లెలు 39, నేను 46, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన 63. మొత్తం 227. 200 నుంచి 239 వర్గం. మిశ్రమ రిలేకు ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు తప్పనిసరి. మాలో ఈదవలసిన మరొకావిడకు ఆ వారం జ్వరం. కోచ్ స్వయంగా చెల్లెలికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉండి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. "నేను రాకపోతే రిలే లేనట్టేనా?" అని రెండుసార్లు అడిగిందట. లేనట్టేనన్నాడు.

మా వర్గంలో మూడు జట్లు దిగాయి. మామ్మగారు మొదట, పోస్టాఫీసాయన తరువాత, నేను మూడవవాడిని. నేను గోడ ముట్టుకునేసరికి తక్కిన రెండు జట్లూ ఆఖరి మనిషి దాకా వచ్చి సగం దూరం పోయాయి. చెల్లెలు దూకలేదు. దూకడం ఇంకా రాదు. నీళ్ళలో నిలబడి, గోడను తన్ని బయలుదేరింది. 50 మీటర్లు. ఆమె చివరి పదిమీటర్లు ఈదుతూంటే మామ్మగారు గట్టు వెంట, జారుతుందని ఎవరెంత చెప్పినా వినకుండా, తడి కాళ్ళతో నడుస్తూ కేకలు పెట్టింది.

మూడు జట్లలో మూడవది. రెట్టింపు లెక్కలో మూడవ స్థానానికి 16 పాయింట్లు.

సాయంత్రం మొత్తాలు చదివారు. పొరుగు క్లబ్బు మీద మేము 11 పాయింట్లతో గెలిచాము. మావాళ్ళు పలకను చేతులు మార్చుకుంటూ ఫొటోలు దిగుతూంటే, అవతలి క్లబ్బులో లెక్కలు చూసే కుర్రవాడు ఫలితాల కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. మర్యాదస్తుడు. ముందు అభినందించి, తరువాత ఆ మిశ్రమ రిలే వరుసమీద వేలు పెట్టి, "చివర వచ్చిన జట్టుకు 16 ఇవ్వడం మీకు సబబుగానే తోస్తోందా?" అని అడిగాడు. తన దగ్గర ఒక సూత్రం ఉందన్నాడు.

అతని చిరునామా తీసుకొని, ఆ రాత్రే నా మూడు పట్టికలూ పంపించాను.